ఐదు గంటల రెండు నిమిషాలు

ఇంటి నుంచి,
జూన్ 9

చిన్నదానికి,

మొదటి కట్ట పూర్తి చేసి నిన్ననే పార్సెల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ముందు ఈ మాట, తర్వాతే కుశలప్రశ్నలు. "మా అక్క రాత ముత్యాలు పేర్చినట్టుంటుంది, మీకు చిత్తు నుంచి రిజిస్టర్లు సాపు రాసేవాళ్ళు కావాలంటే ఆవిడకి పంపండి" అని మీ చొక్కాల ఫ్యాక్టరీ టైం కీపరు గారితో చెప్పావట. నీ మాట పోకూడదని మూడుసార్లు చెయ్యి కడుక్కుని మరీ మొదలుపెట్టాను.

కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకున్నాను. మీ బావ పనికి వెళ్ళి, గిన్నెలు సర్దడం అయ్యాక పదిన్నర నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ రెండున్నర నుంచి నాలుగున్నర దాకా. రోజుకు ఎనిమిది పేజీలు. అది దాటితే నా ఏడు ఒకటిలా పడుతుంది. పెన్నులు మూడు పంపించారు. రోజురోజుకీ సిరా కాస్త మారాలట, అంతా ఒకే ఊపులో రాసినట్టు కనబడకూడదట. ఎందుకని నేను అడగలేదు. ఆఫీసుల పద్ధతులు ఆఫీసులకుంటాయి.

మీ బావ రెండు రోజులు చూసి ఊరుకుని మూడో రోజు, "ఇల్లు ఆఫీసైపోయింది కదా, నాకు టీ కావాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?" అన్నారు. "అర్జీ పెట్టండి, పరిశీలిస్తాం" అన్నాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన్ని మాటల్లో ఓడించడం అదే మొదలు.

నిజం చెబుతున్నాను, ఆ కట్ట అప్పగించి రసీదు తీసుకున్నప్పుడు నాకు కాళ్ళు నేలమీద లేవు. ఇన్నేళ్ళుగా నేను చేసిన పనికి రసీదు ఇచ్చినవాళ్ళు లేరు.

నీ సంగతులు రాయి. ఐదుగురున్న గదిలో ఫోనులో ఏం మాట్లాడుకుంటాం? నువ్వు "ఊఁ, ఊఁ" అంటావు, నేను "వినపడుతోందా" అంటాను. ఉత్తరమైతే నీ గొంతు బాగా వినబడుతుంది.

అక్క

*

గది నుంచి,
జూలై 2

అక్కా,

మూడుసార్లు చెయ్యి కడుక్కున్నావా! రాసింది కంపెనీ రిజిస్టరా, పెళ్ళి శుభలేఖా? నీ ఉత్తరం గదిలో చదివి వినిపించాను. ఇస్త్రీ సెక్షనులో చేసే వదిన, "మీ అక్క మా ఇంటికి వస్తే నేను వీధిలో నిలబడతాను తల్లీ, ఆవిడ శుభ్రం నేను భరించలేను" అంది.

నా పని కాలర్లు. ఒక మడత, ఒక కుట్టు, ఒక తిప్పు. గంటకు డెబ్భై. మా లైనులో అరవై మందిమి. మా సూపర్‌వైజరుకి మేం పెట్టిన పేరు ఈల. ఎవరు తలెత్తినా నోట్లో వేలు పెట్టి ఈల వేస్తాడు. పశువుల కాపరికి కూడా అంత ఊపిరి ఉండదు.

బాత్‌రూముకి వెళ్ళాలంటే మెడలో ఒక చెక్క బిళ్ళ వేసుకుని వెళ్ళాలి. లైనంతటికీ అది ఒక్కటే. అది ఎవరి మెడలో ఉందో చూసుకోవడంతోనే మాకు సగం రోజు గడుస్తుంది. నా పక్క మెషీను బొత్తాలావిడ అంటుంది, "నాకు రాజ్యాలొద్దు, నగలొద్దు, ఆ బిళ్ళ ఒక్కటి నా పేర రాసిస్తే కూర్చుని తింటాను." అందుకే ఎవరం నీళ్ళు పెద్దగా తాగం.

ఇంకో తమాషా. మెషీనులో సూది విరిగితే, విరిగిన ముక్కలన్నీ ఏరి తెచ్చి, టేపుతో పుస్తకంలో అతికించి, సంతకం పెడితేనే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క తగ్గినా లైను ఆపేసి వెతుకుతారు. చొక్కాలో ముక్క ఉండిపోతే కొన్నవాళ్ళకి గుచ్చుకుంటుందని. మంచి పద్ధతే. నీకైతే ఆ పుస్తకం చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఎంత విరిగింది, ఎంత దొరికింది, గీతలు కొట్టి మరీ రాస్తారు.

సాయంత్రాలు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. దిగులు పడకు. ఇంతకీ నీచేత ఏం రాయిస్తున్నారు? గుడ్డల స్టాకేనా?

నీ చిన్నది

*

ఇంటి నుంచి,
సెప్టెంబరు 6

చిన్నదానికి,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు. తప్పు నాదే. మే, జూన్, జూలై, ఆగస్టు, నాలుగు కట్టలు అయ్యాయి. ఇదివరకు ఒక రిజిస్టరు వచ్చేది, ఇప్పుడు రెండు. టైం కీపరు గారు పోయిన నెల కట్టలో చీటీ పెట్టారు. "మీ రాత వచ్చాక మేం సరిచూడటం మానేశామమ్మా" అని. ఆ చీటీ మీ బావకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఉద్యోగం వదలకు" అన్నారు.

ఏం రాయిస్తున్నారని అడిగావు. స్టాకు లాంటిదే. అన్నీ అంకెలు. నంబర్లూ వాటి ఎదురుగా ఇంకొన్ని నంబర్లూ. నీకు చెప్పినా విసుగే.

ఊరికే ఒకటి అడుగుతాను. మిమ్మల్ని సాయంత్రం ఐదింటికి వదిలేస్తారా?

నీళ్ళు తాగు. బిళ్ళ సంగతి తర్వాత, ముందు నీళ్ళు తాగు. చిన్నప్పుడే నీకు ఒంట్లో వేడి ఎక్కువ.

అక్క

*

గది నుంచి,
సెప్టెంబరు 24

అక్కా,

నా రాత చూసి కంగారు పడకు. కుడిచేతి చూపుడు వేలికి గోరుచుట్టు లేచింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీసినట్టుందని నవ్వుకుంటున్నావు కదూ.

నాలుగు రోజులు సెలవు పెట్టాను. గదిలో పడుకుంటే కిటికీలోంచి ఎదురు గోడ కనబడుతుంది. ఆ గోడకి ఒక కిటికీ ఉంది, అందులోంచి మా గోడ కనబడుతుంది కాబోలు.

నువ్వడిగినదానికి జవాబు. ఐదింటికే. ఎందుకడిగావు?

ఎక్కువ రాయలేను.

చిన్నది

*

ఇంటి నుంచి,
అక్టోబరు 7

చిన్నదానికి,

గోరుచుట్టంటే నాలుగు రోజుల్లో పోతుంది. పోలేదంటే చీము లోపల ఉందన్నమాట. డాక్టరుకి చూపించు. నువ్వు చేసే పని చూస్తే వేలు తడవకుండా, తగలకుండా ఉండేలా లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూశావా, అది మెషీన్లున్న చోట పుట్టిన సామెతే అయ్యుంటుంది.

నువ్వు ఐదింటికే అని రాశాక నా మనసు తేలికపడింది. ఇప్పుడు చెప్పొచ్చు. నేను రాసేది స్టాకు కాదు. హాజరు. మీ గేటు దగ్గర ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అని రోజూ రాసే చీటీలుంటాయి కదా, అవన్నీ కట్టలుగా వస్తాయి. పేర్లుండవు, టోకెన్ నంబర్లే. వాటిని రిజిస్టర్లోకి ఎక్కించాలి. వెళ్ళిన టైము మాత్రం చీటీలో ఏముందో చూడకుండా ఐదు, ఐదు దాటి ఒకటి, రెండు నిమిషాలు, అలా అందరికీ మారుస్తూ వేయమన్నారు. అయ్యాక చీటీలు కాల్చేయాలి. ఈ చీటీలు వేరే లెక్క కోసం అయ్యుంటాయని నేననుకున్నాను. నువ్వే ఐదింటికే అన్నావు కదా.

సెప్టెంబరు కట్టలో ఒక చీటీ నన్ను ఇబ్బంది పెట్టింది. 214వ నంబరు, పన్నెండో తేదీ. వచ్చిన టైము ఎనిమిదిన్నర అని ఉంది, వెళ్ళిన టైము ఖాళీ. చీటీ మూల ఒక గోధుమరంగు మరక. ఖాళీని నా అంతట నేను నింపడం నాకు నచ్చక ఫోను చేసి అడిగాను. "ఐదు గంటల రెండు నిమిషాలు వేయండమ్మా" అన్నారు. వేశాను. ఆ తర్వాత ఆ నంబరు చీటీలే లేవు. నెలాఖరు దాకా హాజరు వేసేయమన్నారు. ఎవరో ఏమో, ఇంటికెళ్ళి పడుకున్నా పూర్తి జీతం ఇస్తున్నారు కాబోలు, మంచివాళ్ళే అనుకున్నాను.

వేలు ఎలా ఉందో వెంటనే రాయి.

అక్క

*

గది నుంచి,
అక్టోబరు 19

అక్కా,

214 నేనే.

నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు కార్మికుల బీమా ఆసుపత్రి ఆఫీసులో ఆ రిజిస్టరు చూశాను. ఆఫీసరు బల్ల మీద తెరిచి, నా నంబరు దగ్గర పెన్ను ఆనించి, "ఆ రోజు నువ్వు ఐదు రెండుకే ఇంటికి వెళ్ళిపోయావమ్మా, దెబ్బ ఫ్యాక్టరీలో ఎలా తగులుతుంది?" అన్నాడు. నేను పెన్ను వైపు చూడటం లేదు. ఆ రెండు వైపు చూస్తున్నాను. పలక మీద నా చెయ్యి పట్టుకుని ఆ రెండు దిద్దించింది ఎవరు? నీ రాత నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. లేచి వచ్చేశాను.

గోరుచుట్టు కాదు. నేనూ అబద్ధమే రాశాను, అందుకని నిన్ను తిట్టే హక్కు నాకు సగమే ఉంది. మేం ఎప్పుడూ ఐదింటికి బయటపడలేదు. ఎనిమిదిన్నర, తొమ్మిది, ఒక్కోసారి ఇంకా పైన. నువ్వు దిగులు పడతావని చెప్పలేదు.

పన్నెండో తేదీ మర్నాడు సరుకు లారీ ఎక్కాలి. రాత్రి తొమ్మిదికి పావు తక్కువ. కళ్ళు మూతలు పడుతున్నాయి. కాలరుతో పాటు వేలు కూడా లోపలికి వెళ్ళింది. సూది గోరులోంచి దిగి విరిగింది. నేను అరిచానో లేదో తెలీదు, ఈల మాత్రం వినబడింది.

"సూది ఏది?" అన్నాడు వచ్చి.

"సగం మెషీనులో ఉంది సార్."

"మిగతా సగం?"

నేను వేలు చూపించాను. ఆయన నేల చూశాడు. "ముక్క దొరికేదాకా ఎవరూ కదలకూడదు. రేపు అది ఎవరి మెడకో గుచ్చుకుంటే నువ్విస్తావా సమాధానం?"

ముగ్గురు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని అయస్కాంతం తిప్పుతున్నారు. నా కాలర్ల కట్ట మొత్తం విప్పి ఒక్కొక్కటే తడుముతున్నారు. వాళ్ళలోంచి బొత్తాలావిడ లేచి నిలబడింది. "అయ్యా, ముక్క దీని వేల్లోనే ఉంది. కొనేవాళ్ళ మెడ దాకా ఎందుకు, ముందు ఎదురుగా ఉన్నదాని వేలు చూడండి" అంది. "నువ్వు డాక్టరువా?" అన్నాడు. నలభై నిమిషాలు వెతికారు అక్కా. ఆ తర్వాతే ఆటో పిలిచారు.

ఆసుపత్రిలో తీసిన ముక్కని ఈల అడిగి తీసుకున్నాడు. కాగితంలో మడిచి తెచ్చి, పుస్తకంలో టేపు వేసి అతికించాడు. సూది లెక్క సరిపోయింది.

చీము పట్టి పై కణుపు తీసేశారు. కింద కణుపు కూడా వంగడం లేదు. ఇంకో ఆపరేషను చేస్తే చెయ్యి నిలబడుతుందంటున్నారు. పనిలో తగిలిన దెబ్బ అని తేలితే బీమా ఆసుపత్రిలో చేస్తారు, జీతం వస్తుంది. లేకపోతే లేదు. వేలు లేకుండా కాలరు తిప్పలేను. ఇంకో పని నాకు రాదు.

ఆ చీటీలు ఉన్నాయా? ఆ మరక చీటీ ఉందా?

*

ఇంటి నుంచి,
అక్టోబరు 24

చిన్నదానికి,

లేవు. కాల్చేశాను. పెరట్లో పాత రేకు డబ్బాలో వేసి, బూడిద చల్లారే దాకా పక్కనే నిలబడి, కలియబెట్టి మరీ చూశాను ఒక్క ముక్క మిగలకుండా. వాళ్ళు సిరా గురించీ టైముల గురించీ రాసిచ్చిన చీటీలు కూడా అందులోనే వేశాను. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఒక్కటే నాకు వచ్చు.

వేరే లెక్క అనుకున్నానని రాశాను. అది నిజం కాదు. మొదటి నెల రెండో రోజుకే నాకు తెలిసిపోయింది. ఒక మనిషి వెళ్ళిన టైము చీటీలో తొమ్మిది ఇరవై అని ఉంటే, ఐదు మూడు అని వేయడానికి వేరే లెక్క ఏముంటుంది? తెలిసీ రాశాను. పేర్లు లేవు కదా, నంబర్లే కదా అనుకున్నాను. మీ లైను అని అనుమానం వచ్చి నిన్ను ఐదింటికే వదులుతారా అని అడిగాను. నువ్వు ఏ జవాబు రాయాలని కోరుకున్నానో ఆ జవాబే రాశావు. నేను దాన్నే పట్టుకున్నాను.

ఎందుకు మానలేదని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. ఇంట్లో ఎంత చేసినా "అయ్యిందా" అంటారు కానీ "బాగుంది" అనేవాళ్ళు లేరు. వాళ్ళు అన్నారు. ఆ మాట కోసం చేశాను. ఇంత చిన్న కారణానికి నీ వేలు పోయింది.

నిన్న కూర్చుని లెక్క కట్టాను. అరవై మంది, నెలకు ఇరవై ఐదు రోజులు, సరాసరి రోజుకు మూడున్నర గంటలు, ఐదు నెలలు. ఇరవై ఆరు వేల రెండువందల యాభై గంటలు. రాత్రీ పగలూ కలిపితే ఒక మనిషి ఆయుష్షులో దాదాపు మూడేళ్ళు. ఒక్క కొట్టివేత లేకుండా చెరిపేశాను.

మీ బావకి ఇంకా చెప్పలేదు. నేను వస్తాను. ఆ రాత నాదేనని, అది అబద్ధమని ఆఫీసరు ముందు చెబుతాను.

అక్క

*

గది నుంచి,
అక్టోబరు 31

అక్కా,

రావద్దు.

నేను టైం కీపరు దగ్గరకి వెళ్ళాను. రిజిస్టరు తప్పని మీకూ తెలుసు, నాకూ తెలుసు అన్నాను. ఆయన కుర్చీ వేయించాడు. ఆ మర్యాద చూసే అనుకున్నాను, ఏదో ఉందని.

"మీ అక్కయ్యగారి రాత చూడముచ్చటగా ఉంటుందమ్మా. రేపు కోర్టులో కూడా అందరూ అలాగే చూస్తారు."

"రాయించింది మీరు కదండీ."

"నేను రాయించినట్టు కాగితం ఉందా? ఆవిడ రాసినట్టు ఐదు నెలల కాగితాలున్నాయి. చీటీలు తగలబెట్టింది కూడా ఆవిడే. అడిగి చూడు."

నిన్ను చూపించి నన్ను ఆపారు. నేను ఇక్కడే పనిచేస్తున్నాను కాబట్టి నువ్వు నోరెత్తవని వాళ్ళకి ధైర్యం. ఒక తాడుకి రెండు కొసలూ మనమే.

గదిలో కూడా ఊపిరాడటం లేదు. వచ్చే నెల పన్నెండో తేదీన మా చొక్కాలు కొనే కంపెనీ నుంచి తనిఖీకి వస్తున్నారు. ఏదైనా తేడా కనబడితే ఆర్డరు ఆపేస్తారట, లైను మూసేస్తారట. ఇస్త్రీ వదిన ముగ్గురు పిల్లల ఫీజులు ఒక్కతే కడుతుంది. "నీ ఒక్క వేలి కోసం మా అరవై మంది నోళ్ళలో మట్టి కొడతావా?" అంది. అని, ఆ చేత్తోనే నాకు తల దువ్వి జడ వేసింది. ఏమనను ఆవిడని?

నిన్న సంతకం పెట్టాను. గదిలో తలుపు పడి వేలు నలిగిందని, ఫ్యాక్టరీకి సంబంధం లేదని. ఎడమ చేత్తో పెట్టాను, అది నా సంతకంలా లేదు, అయినా సరిపోతుందన్నారు. దయతలచి నన్ను దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతారట. ఆపరేషను మాట ఎత్తలేదు.

రోజూ పొద్దున పని మొదలెట్టే ముందు లైనంతటిచేతా వల్లె వేయిస్తున్నారు, వాళ్ళు గదిలో అప్పజెప్పుకుంటుంటే నాకూ నోటికొచ్చేసింది. ఎన్నింటికి వెళ్తారు? ఐదింటికి. నీళ్ళున్నాయా? ఉన్నాయి. తిడతారా? లేదు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత బాగా అప్పజెప్పలేదు నేను.

అక్టోబరు కట్ట నీకు వస్తుంది. ఎప్పటిలాగే రాసి పంపేయి. నువ్వు మానేస్తే అనుమానం వస్తుంది.

చిన్నది

*

నవంబరు 9

టైం కీపరు గారికి,

అయ్యా,

అక్టోబరు నెల రిజిస్టర్లు రెండూ పూర్తిచేసి ఈ పార్సెల్లో పంపుతున్నాను. పన్నెండున తనిఖీ ఉందని, పదకొండు సాయంత్రానికి అందాలని రాశారు. అందుతాయి.

ప్రతి గీతా చీటీలతో రెండుసార్లు సరిచూశాను. ఈసారి ఒక్క తప్పు కూడా లేదని నా మాటగా చెప్పగలను. మీరు మళ్ళీ చూడనవసరం లేదు. దుమ్ము పడకుండా అట్టలు వేసి దారంతో బిగించి కట్టాను. తనిఖీవారి ఎదుటే విప్పితే శుభ్రంగా ఉంటుంది.

ఇట్లు,
సాపు ప్రతులు రాసే ఆమె

*

గది నుంచి,
నవంబరు 16

అక్కా,

ఒక్క మాట చెప్పకుండా ఎలా చేశావే ఆ పని?

తనిఖీకి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ వచ్చింది. మా లైను పక్కనే బల్ల వేశారు. టైం కీపరు నవ్వుతూ నీ కట్ట తెచ్చి ఆవిడ ముందే దారం కత్తిరించాడు. "మా రికార్డులు ఒకసారి చూడండి మేడం, మీరే మెచ్చుకుంటారు" అన్నాడు. ఆవిడ మొదటి పేజీ చూసి నిజంగానే మెచ్చుకుంది, ఎవరిదీ రాత అని. ఆ తర్వాత గట్టిగా చదవడం మొదలెట్టింది. "ఒకటో తేదీ. వెళ్ళిన సమయం తొమ్మిది పది. తొమ్మిది పన్నెండు. తొమ్మిది పది." టైం కీపరు మొహం పాలిపోయింది.

"అది రాతలో పొరపాటు మేడం."

"అరవై మందికీ పొరపాటేనా? ఇరవై ఐదు రోజులూనా?"

అని మావైపు తిరిగింది. "మీరు చెప్పండి. సాయంత్రం ఎన్నింటికి వెళ్తారు?"

"ఐదింటికి మేడం!"

అరవై గొంతులు. కాగితం మీద నిజం తెరిచి పెట్టి ఉంది, మేం నోరారా అబద్ధం అప్పజెప్పాం. నేను కూడా అన్నాను అక్కా. అనాలని అనుకోలేదు, నోరే అనేసింది. ఈల తృప్తిగా తలాడించాడు. టైం కీపరుకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా మేడం, ఎవరో గిట్టనివాళ్ళు కావాలని రాసి పంపారు" అన్నాడు.

ఆవిడ పేజీ తిప్పింది. "214 ఎవరు? నెలంతా గైరుహాజరు, ఎదురుగా చేతికి గాయం అని రాసి ఉంది."

బొత్తాలావిడ నా వీపు మీద చెయ్యి వేసింది. లేవమని తోసిందో, కూర్చోమని ఆపిందో ఇప్పటికీ అడగలేదు. నేను లేచాను. టైం కీపరు వెంటనే నేను సంతకం పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"తలుపు పడిందని రాశావే?"

"సంతకం నాదే మేడం. మాటలు వాళ్ళవి."

"ఎప్పుడు జరిగింది?"

"సెప్టెంబరు పన్నెండు. రాత్రి తొమ్మిదికి పావు తక్కువ."

ఈల వేశాడు. అలవాటు. అంతమంది ముందు, ఆవిడ ముందు, నోట్లో వేలు పెట్టి ఈల వేశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే బొత్తాలావిడ లేచింది. "మోకాళ్ళ మీద కూర్చుని ముక్క వెతికింది నేను మేడం. నలభై నిమిషాలు వెతికించారు" అంది. ఇంకా ముగ్గురు లేచారు. మిగతావాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు.

అంతా బాగుపడిందనుకోకు. ఆర్డరు ఆపేశారు. లైను మూసి నాలుగు రోజులైంది. పొద్దున్నే అరవై మందీ గేటు బయట నిలబడి వస్తున్నారు, లోపలికి రానివ్వరు, పొమ్మనీ అనరు. ఇస్త్రీ వదిన నాతో మాట్లాడటం లేదు. నా చాప గుమ్మం దగ్గరకి జరిపింది. జడ వేసుకోవడం చేతకాక తల గుడ్డతో కట్టుకుంటున్నాను.

లేబర్ ఆఫీసులో కేసు మొదలైంది. నా సంతకం కాగితం ఒకటి, సెప్టెంబరు రిజిస్టరు ఒకటి, రెండూ నాకు ఎదురే. అక్టోబరు నిజమైనంత మాత్రాన సెప్టెంబరు అబద్ధమని ఎలా చెప్పగలం అంటున్నారు. దొంగ లెక్కలు రాసిందని నీ మీద కూడా టైం కీపరు ఫిర్యాదు ఇచ్చాడు. ఇరవై ఐదున నిన్ను రమ్మని కాగితం పంపారట.

నిన్ను నేను క్షమిస్తానో లేదో నాకే తెలీదు. అయినా రా.

చిన్నది

*

ఇంటి నుంచి,
నవంబరు 20

చిన్నదానికి,

కాగితం అందింది. ఇరవై నాలుగు సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాను, తెల్లారేసరికి అక్కడుంటాను. అక్టోబరు చీటీలు ఈసారి కాల్చలేదు. పధ్నాలుగు వందల అరవై రెండు, తేదీల వారీగా కట్టలు కట్టాను.

మీ బావకి చెప్పాను. మే నుంచి అక్టోబరు దాకా మొత్తం. ఆయన తింటున్న కంచం పక్కకి జరిపారు. తిడతారనుకున్నాను. "నాకు ఒక్కసారి చెప్పి ఉండాల్సింది" అన్నారు. మర్నాడు తెలిసిన వకీలు దగ్గరకి వెళ్ళొచ్చారు. వకీలు చెప్పినది ఇది. "రాత మీదేనా అంటే అవును అనమనండి. ఎవరు రాయించారంటే చెప్పమనండి. తెలిసే రాశారా అని అడిగితే మాత్రం, తెలియదు, ఇచ్చింది ఇచ్చినట్టు ఎక్కించాను అనమనండి. ఇంట్లో ఉండే ఆడమనిషి, ఆఫీసు లెక్కలు ఆవిడకేం తెలుసు, నమ్ముతారు. ఆవిడ కేసులోంచి బయటపడతారు."

నమ్ముతారు. అది నాకూ తెలుసు.

రాత్రి దాన్ని కాగితం మీద పెట్టి చూశాను, నాకు అలవాటైన పద్ధతిలో. ఇచ్చింది ఇచ్చినట్టు ఎక్కించానంటే చీటీలో ఏముందో అదే రాశానని అర్థం. అప్పుడు 214వ నంబరు చీటీలో ఐదు గంటల రెండు నిమిషాలు ఉందనే కదా అర్థం. నేను బయటపడే దారి నీ తొమ్మిదికి పావు తక్కువ మీదుగా పోతోంది. ఇంకో దారి కోసం చాలాసేపు చూశాను. లేదు.

మీ బావ పొద్దున నన్ను అడిగారు, "ఏమంటావు అక్కడ?" అని. చెప్పాను. బట్టలు రెండు రోజులకి సర్దుకున్నాను, ఆయన సంచి తెరిచి ఇంకో నాలుగు పెట్టారు.

తెలిసే రాశాను అంటాను.

ఆ మాట అడిగేటప్పుడు నువ్వు నా వైపు చూడకు. కిటికీ వైపో, గోడ వైపో చూడు. నువ్వు చూస్తే నా నోరు కూడా తెలియదు అనేస్తుందేమో.

అక్క